'ఇతర కారణాలు' అనే గడిలో ఎవరున్నారు?

(నల్లగొండలో గ్రామీణ ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్యం, హక్కులు అనే అంశం మీద మాట్లాడమని అడిగితే ఒప్పుకున్నాను. కానీ ఇవాళ నేను మాట్లాడబోయేది ఒక అంకె గురించి. ఆ అంకె మన దేశానిది కాదు. అయినా దాన్ని రోజూ రాస్తున్నది మన పిల్లలే. అందుకే దాన్ని ఇక్కడిదాకా మోసుకొచ్చాను.

హైదరాబాదులో మెడికల్ కోడింగ్ ఆఫీసుల్లో పనిచేసే అమ్మాయిలతో కొంతకాలంగా మాట్లాడుతున్నాను. ఈ పని గురించి మీలో చాలామందికి తెలుసు, మీ ఇళ్ళల్లోనే ఒకరో ఇద్దరో ఉండి ఉంటారు. బీఎస్సీయో బీఫార్మసీయో చదివి, అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కోచింగ్ తీసుకుని, హాస్టల్లో ఉంటూ చేసే ఉద్యోగం. అమెరికా ఆసుపత్రుల్లో డాక్టర్లు రాసిన కేసు కాగితాలు కంప్యూటర్లోకి వస్తాయి. అది చదివి, ఏ జబ్బుకు ఏ అంకె, ఏ చికిత్సకు ఏ అంకె అని వేయాలి. ఆ అంకెల్ని బట్టే అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీ ఆసుపత్రికి డబ్బు కడుతుంది. రోజుకు ఇన్ని కాగితాలని లెక్క ఉంటుంది, నూటికి తొంభై అయిదు తప్పు లేకుండా ఉండాలంటారు. ఫోన్లు బయట పెట్టి లోపలికి వెళ్ళాలి.

వాళ్ళలో చండూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. రోగుల పేరూ ఊరూ ఏదీ నాకు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. అంకెల సంగతి మాత్రం చెప్పింది. "మేడం, మందు ఉన్నా తక్కువ వేసుకున్నోళ్ళకు కూడా ఒక కోడ్ ఉంటది. పైసలు లేక తక్కువ వేసుకుంటే ఒకటి, వేరే కారణమైతే ఇంకోటి. ఆ కోడ్ వేసినప్పుడల్లా నాకు మా అమ్మ యాదికొస్తది. మా అమ్మ బీపీ గోలి సగం ఇరిసి వేసుకుంటది. మా అమ్మది ఏ కోడో నాకు తెల్వదు" అంది.

ఈ ప్రసంగమంతా ఆ పిల్ల అడిగిన దానికి నేను వెతుక్కున్న జవాబే.

ముందు ఆ అంకెలు ఎలా పనిచేస్తాయో చెప్తాను. జబ్బులకు అంకెలిచ్చే అంతర్జాతీయ పట్టిక ఒకటి ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేస్తుంది. అందులో పదో కూర్పును అమెరికావాళ్ళు తమ అవసరాలకు బాగా పెంచుకుని 2015 అక్టోబరు 1 నుంచి వాడుతున్నారు. అందులో 'తక్కువ మోతాదు' అనే కొత్త మాటకు చోటిచ్చారు. డాక్టరు చెప్పినదానికంటే తక్కువ వేసుకోవడం, తనంతట తాను మానేయడం రెండూ దీని కిందికే వస్తాయి. ఇన్సులిన్, చక్కెర జబ్బు మాత్రలు తక్కువ వేసుకుంటే టి38.3ఎక్స్6ఎ. అందులో ఆ 6 దగ్గరే కథంతా ఉంది. అదే మందు సరిగా వేసుకున్నా వికటిస్తే 5, ప్రాణం తీసుకోవడానికి మింగితే 2, తక్కువ వేసుకుంటే 6.

ఆ అంకె ఒక్కటీ సరిపోదు. దాని పక్కన ఎందుకు తక్కువ వేసుకున్నారో ఇంకో అంకె వేయాలి. తెలిసే తగ్గించి, దానికి కారణం డబ్బు ఇబ్బంది అయితే జెడ్91.120. తెలిసే తగ్గించి, కారణం మరేదైనా అయితే జెడ్91.128. ముసలితనం వల్ల మరిచిపోతే జెడ్91.130.

ఇక్కడ రెండు నియమాలు గుర్తు పెట్టుకోండి. మొదటిది, 'తక్కువ మోతాదు' అంకె ఎప్పుడూ మొదటి వరసలో రాకూడదు. మందు తగ్గించడం వల్ల మెదడులో నరం చిట్లితే మొదట రాయాల్సింది నరం చిట్లడమే, మందు సంగతి ఆ తరవాత. రెండోది, కారణాన్ని కోడింగ్ చేసేవాళ్ళు ఊహించి రాయకూడదు. ఆ కాగితంలోనే ఒకచోట ఉద్యోగం పోయిందని, ఇన్సూరెన్స్ లేదని ఉన్నా సరే, ఆ కారణంగానే మందు తగ్గించిందని డాక్టరు రాయకపోతే 120 వేయడానికి వీల్లేదు. డాక్టరును అడగమని వెనక్కి పంపొచ్చు. రోజు లెక్క పూర్తి చేయాల్సిన పిల్ల ఎన్నిసార్లు వెనక్కి పంపుతుంది చెప్పండి? అందుకని 'ఇతర' అనే గడి నిండుతూ పోతుంది.

అసలు అమెరికా లాంటి దేశంలో ఈ అంకె ఎందుకు అవసరమైందని మీరడగొచ్చు. ఇన్సులిన్ ధరే ఒక ఉదాహరణ. మిన్నెసోటా రాష్ట్రంలో అలెక్ స్మిత్ అనే యువకుడికి 26 ఏళ్ళు నిండగానే తల్లి ఇన్సూరెన్సులో ఉండే అర్హత పోయింది. నెలకు సుమారు 1300 డాలర్లు పెట్టలేక ఇన్సులిన్‌ను పొదుపుగా వాడుకున్నాడు. నెల తిరక్కుండానే, 2017 జూన్‌లో చనిపోయాడు. వాళ్ళమ్మ నికోల్ స్మిత్-హోల్ట్ ఊరుకోలేదు, వీధుల్లోకి వచ్చింది. 2020లో ఆ రాష్ట్రం కొడుకు పేరు మీదే అత్యవసర ఇన్సులిన్ చట్టం చేసింది. యేల్ విశ్వవిద్యాలయపు డాక్టర్లు తమ డయాబెటిస్ క్లినిక్‌కు వచ్చేవాళ్ళను అడిగితే నలుగురిలో ఒకరు ఖర్చు భయంతో ఇన్సులిన్ తగ్గించామన్నారు. అది 2019లో అచ్చయింది. 2023 జనవరి నుంచి అక్కడి ముసలివాళ్ళ ప్రభుత్వ బీమాలో ఇన్సులిన్‌కు నెలకు 35 డాలర్లు మించి తీసుకోకూడదని నిర్ణయించారు. ఇదంతా ఒక్క అంకె వల్ల జరిగిందని నేననను, తల్లులు కొట్లాడితే జరిగింది. కానీ 'రోగి మాట వినలేదు' అనే మాట 'రోగి దగ్గర డబ్బు లేదు' అనే మాటగా మారడానికి ఒక గడి ఉండటం మాత్రం చిన్న విషయం కాదు.

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం.

మన దగ్గర ముప్పై ఏళ్ళు దాటిన వాళ్ళందరికీ బీపీ, షుగర్ చూసి, పేర్లు రాసి, నెలనెలా గోలీలు ఇచ్చే కార్యక్రమం నడుస్తోంది. అది నడిపేది మీరే, ఆశా వర్కర్లూ ఏఎన్ఎంలూ. మీ పుస్తకాలు కొన్ని చూశాను. గోలీలు ఇచ్చామా లేదా, వేసుకుంటున్నారా లేదా, బీపీ ఎంత. వేసుకోని వాళ్ళ పక్కన ఎక్కువగా కనిపించిన మాట 'సక్రమంగా వాడటం లేదు'. ఎందుకు అని రాసే చోటు నాకు కనబడలేదు. ఉన్నచోట కూడా 'నిర్లక్ష్యం' అని రాసి ఉంది. టీబీ కార్యక్రమంలో అయితే వరుసగా రెండు నెలలు మందు మానిన మనిషిని చాలాకాలం 'డిఫాల్టర్' అన్నారు. బ్యాంకు అప్పు ఎగ్గొట్టినవాణ్ణి పిలిచే మాట అది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట తీసేసింది. మాట పోయింది గానీ చూపు పోయిందా అన్నది మీకే బాగా తెలుసు.

దేవరకొండ వైపు ఒక ఊళ్ళో నలభై ఏళ్ళు దాటిన ఒకామెతో ఒక పూటంతా కూర్చున్నాను. షుగరు. కార్డు మీద 'సక్రమంగా వాడటం లేదు' అనే ఉంది. ఆమె చెప్పింది ఇది: "పొద్దుగాల గోలి వేసుకోమన్నరు, వేసుకుంట. అందరికి వండిపెట్టి, బోళ్ళు తోమి, పత్తి చేనుకు పోవాలె. తినుడు ఎప్పుడో పన్నెండు దాటినంక. పదకొండు కొట్టంగ చేతులు వణుకుతయి, చెమటలు పడతయి, కండ్లకు చీకట్లొస్తయి. ఒకపారి గట్టు మీద పడిపోయిన. అప్పటిసంది సగమే వేసుకుంటున్న. నాట్లప్పుడైతే మొత్తమే వేసుకోను."

దీన్ని నిర్లక్ష్యం అంటారా? గ్లిమిపిరైడ్ లాంటి మందులు తిండి పడినా పడకపోయినా రక్తంలో చక్కెరను దించుతూనే ఉంటాయి. తిండి ఆలస్యమైతే మనిషి పడిపోవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఆమె డాక్టరు కాదు, మందు పేరు తెలియదు, కానీ తన ఒంట్లో జరుగుతున్నదాన్ని సరిగ్గానే పసిగట్టింది. తనకు చేతనైన సర్దుబాటు చేసుకుంది. ఆ సర్దుబాటు వల్ల ఏళ్ళు గడిచేకొద్దీ కళ్ళూ మూత్రపిండాలూ దెబ్బతింటాయి, అదీ నిజమే. అసలు కారణం మాత్రం ఇంట్లో అందరూ తిన్నాక ఆఖర్న తినే ఆచారంలో ఉంది. ఆ ఆచారానికి అమెరికా పట్టికలో అంకె లేదు, మన పుస్తకంలో గడి లేదు. ఈ సంగతి డాక్టరుకు తెలిస్తే గోలీ వేసుకునే వేళ మార్చేవారు, లేకపోతే మందే మార్చేవారు. కానీ డాక్టరు దగ్గర ఆమె నోరు తెరవలేదు. "అడగలే, నేను చెప్పలే" అంది.

నీళ్ళ గోలీ సంగతి ఇంకోటి. బీపీకీ, కాళ్ళ వాపులకూ ఇచ్చే మందుల్లో కొన్ని ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపేవి. వేసుకున్న గంటా రెండు గంటల్లో మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తుంది. కూలికి పోయిన ఆడమనిషి, పక్కనే మగవాళ్ళు, చాటు లేదు, మేస్త్రీ చూస్తున్నాడు. ఆమె ఆ గోలీ మానేస్తుంది. ఇంటి పనికి హైదరాబాదు బస్సెక్కే ఆవిడా మానేస్తుంది. మగవాళ్ళకు ఈ కారణం ఉండదు. పాలమూరు నుంచి పుణెకో ముంబైకో బెంగుళూరుకో కట్టడం పనులకు పోయిన కుటుంబాల్లో ఇంకా కష్టం. నెల గోలీలు ఇచ్చేది సొంత ఊళ్ళోని సబ్‌సెంటర్లో, మనిషి ఉండేది ఆరు నెలలు మరోచోట. ముప్పై గోలీల్ని అరవై రోజులకు సర్దుకోవడం వాళ్ళకు అలవాటే, బియ్యం సర్దుకున్నట్టు.

ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన ఊళ్ళలో, మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో, వయసు మళ్ళిన ఆడవాళ్ళు నడుమూ మోకాళ్ళూ పట్టేసి బాధపడటం మీరు చూస్తున్నదే. వాళ్ళు నొప్పుల గోలి తప్పకుండా వేసుకుంటారు, బీపీ గోలి తగ్గిస్తారు. ఎందుకంటే నొప్పి తగ్గకపోతే లేచి పని చేయలేరు, బీపీ తగ్గకపోయినా ఆ రోజుకు పని జరిగిపోతుంది. నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ లాంటి మందులు బీపీని పెంచుతాయి, బీపీ మందును పని చేయనివ్వవు. ఈ సంగతి వాళ్ళకు చెప్పినవాళ్ళు తక్కువ. నొప్పికి సూది వేసే ఆర్ఎంపీ వేరు, బీపీ గోలీ ఇచ్చే ఆశమ్మ వేరు. ఒకరు రాసింది ఇంకొకరు చూడరు.

అన్నిటికంటే గుండె తరుక్కుపోయే కారణం ఫిట్స్ మందుది. పెళ్ళికి ముందు జబ్బు దాస్తారు. పెళ్ళయ్యాక గోలీల సీసా దాస్తారు. అత్త చూడకుండా వేసుకోవాలి, చూసే వీలుంటే ఆ పూట మానాలి. వనపర్తి దగ్గర ఒక యువతి గోలీల్ని బియ్యం డబ్బా అడుగున పెట్టుకునేది. ఎవరూ లేని పూటే వేసుకునేది. ఫిట్స్ మందు అలా వేసీ మానీ చేస్తే ఫిట్స్ ఎక్కువై, పొయ్యి దగ్గరో బావి దగ్గరో ఏమైనా జరగొచ్చని మీకు తెలుసు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో మూర్ఛ జబ్బు ఉన్నవాళ్ళ పెళ్ళి చెల్లుబాటుకు అడ్డంకి ఉండేది. 1999లో చట్టం సవరించి ఆ మాట తీసేశారు. ఆ సవరణ సంగతి నేను కలిసిన ఏ ఇంట్లోనూ తెలియదు. ఈ యువతి కనక అమెరికాలో ఉండి, ఫిట్స్‌తో ఆసుపత్రిలో చేరి, మా చండూరు పిల్ల చేతిలో ఆమె కాగితం పడితే ఏం రాసేది? డబ్బు ఇబ్బంది కాదు, మతిమరుపు కాదు. 128. ఇతర కారణం. మొగుడు వదిలేస్తాడనే భయం 'ఇతర కారణం'.

డబ్బు సంగతి మర్చిపోయానని అనుకోకండి. గోలీలు ఉచితమే. కానీ సబ్‌సెంటర్లో స్టాకు లేనప్పుడు కొనాలి, పెద్ద దవాఖానకు పోతే ఆ రోజు కూలి పోతుంది, చార్జీలుండేవి. బస్సు ఉచితమయ్యాక ఆ ఒక్క ఖర్చూ తగ్గింది. మన ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో దాని పరిమితి పది లక్షలు చేశారు. మంచిదే. కానీ అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాళ్ళ కోసం. పక్షవాతం వచ్చాక ఆమెకొక ప్యాకేజీ ఉంటుంది. పక్షవాతం రాకుండా రోజూ వేసుకోవాల్సిన గోలీని ఎందుకు విరిచిందో రాసే చోటు ఉండదు. నరం చిట్లడమే మొదటి వరసలో రాయాలనే ఆ నియమం మన దగ్గర కాగితం మీద లేకపోయినా నడుస్తూనే ఉంది.

అయితే కారణం రాసే గడి పెట్టేస్తే సరిపోతుందా? ఇక్కడే మనం జాగ్రత్తగా ఆలోచించాలి. అమెరికా పట్టికలో 2022 అక్టోబరులో ఇంకో వరస చేర్చారు. రోగిని చూసుకునే మనిషి కావాలనే మందు తగ్గించి ఇస్తే వేసే అంకెలు అవి. అందులోనూ డబ్బు ఇబ్బందికి ఒకటి, ఇతర కారణాలకు ఒకటి. రోగిని చూసుకునే మనిషి ఎవరు? తల్లి, కోడలు, భార్య. అత్తకు గోలీ సగం ఇచ్చే కోడలి పేరు మీద ఒక అంకె పడుతుంది. ఆ మందు కొనడానికి డబ్బు ఇవ్వని కొడుకు పేరు మీద ఏ అంకే పడదు. రాసే చేయి ఎవరిదో, చదివే కళ్ళు ఎవరివో తేల్చుకోకుండా పెట్టిన గడి మళ్ళీ ఆడవాళ్ళ మీదికే వస్తుంది.

మనకు ఇది కొత్త పాఠమేం కాదు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిని ఆడవాళ్ళ మీద ప్రయోగించారు. అది ప్రయోగమని వాళ్ళకు చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన బయటపెట్టింది, 1986లో సుప్రీంకోర్టు దాకా పోయింది. అప్పుడు అడిగిన ప్రశ్నే ఇప్పుడూ అడగాలి. ఈ స్త్రీ గురించి కాగితం మీద రాస్తున్నది ఆమెకు తెలుసా, చదివి వినిపించారా?

మా అమ్మ సంగతి ఒకటి చెప్తాను. ఆమె చివరి రెండేళ్ళూ బీపీ మందు రోజు విడిచి రోజు వేసుకుంది. నేను సోషియాలజీలో డాక్టరేటు చేసినదాన్ని, ఊరూరా తిరిగి ఆడవాళ్ళను 'ఎందుకు తగ్గించావమ్మా' అని అడిగేదాన్ని. ఇంట్లో ఆమెను అడగలేదు, కసిరాను. ఆమె పోయాక బీరువాలో మిగిలిన గోలీల పట్టీలు దొరికాయి, రబ్బరు బ్యాండు వేసి జాగ్రత్తగా పెట్టి ఉన్నాయి. నాన్నదీ అదే మందు. ఆయన పెన్షను ఆలస్యమయ్యే నెలల కోసం దాచిందని నాకు తరవాత అర్థమైంది.

అందుకని నేను అడిగేది పెద్ద పథకమేమీ కాదు. మీ దగ్గర ప్రభుత్వ పుస్తకం ఉంటుంది, దాన్ని మనం మార్చలేం. సంఘం తరఫున మీరు పెట్టుకునే పుస్తకంలో ఒక పేజీ గీయండి. ఎవరు, ఏ గోలి, ఎంత తగ్గించింది, ఆమె మాటల్లో ఎందుకు. 'నిర్లక్ష్యం' అనే మాట ఆ పేజీలో రాయొద్దు. ఆమె చెప్పిన వాక్యాన్నే రాయండి, రాసింది చదివి వినిపించండి, వద్దంటే కొట్టేయండి. ఫిట్స్ మందు సంగతీ టీబీ సంగతీ అయితే పేరు అసలు రాయకండి, ఆ పుస్తకం అత్త చేతిలో పడితే ఆమె బతుకు ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. నెలకొకసారి ఆ పేజీ తీసుకుని నలుగురు కలిసి పీహెచ్‌సీ డాక్టరు దగ్గర కూర్చోండి. తిండి వేళను బట్టి మందు మార్చగలరా, నీళ్ళ గోలీ వేళ మార్చగలరా, వలస పోయేవాళ్ళకు మూడు నెలలవి ఇవ్వగలరా అని అడగండి.

ఇంకో మాట, ఇది మాత్రం తప్పకుండా అందరికీ చెప్పండి. అన్ని గోలీలూ విరవడానికి పనికిరావు. నెమ్మదిగా కరిగేలా చేసిన వాటిని విరిచినా నలిపినా మందంతా ఒక్కసారి ఒంట్లోకి దిగే ప్రమాదం ఉంది. ఫిట్స్ గోలి, అటెనొలాల్ లాంటి బీపీ గోలి హఠాత్తుగా మానకూడదు. తగ్గించాలనుకుంటే తగ్గించే దారి డాక్టరును అడగాలి. ఆమెకున్న కారణాన్ని గౌరవిస్తున్నామంటే ఈ విషయం దాచిపెడతామని కాదు.

మొన్న దసరాకు ఆ చండూరు పిల్ల ఇంటికి వెళ్ళింది. ఫోన్ చేసి చెప్పింది. అమ్మను కూర్చోబెట్టి, ఆఫీసులో డాక్టరును అడగమని వెనక్కి పంపినట్టే, 'ఎందుకు సగం?' అని అడిగిందట. వాళ్ళమ్మ చాలాసేపు నవ్వి, "నిండు గోలి వేసుకుంటే తల తిరుగుతది, నువ్వు హాస్టల్ల ఉంటవు, నేను పడిపోతే చూసేటోళ్ళెవరు" అందట. "ఇది ఏ కోడ్ మేడం?" అని నన్ను మళ్ళీ అడిగింది. ఇక్కడ ఏఎన్ఎం అక్కలు చాలామంది ఉన్నారు కదా, ఆ పిల్లకు ఏం చెప్పమంటారు? నా మాటలు ఇంతటితో ఆపుతాను, మీరు చెప్పండి.